నిమ్మకాయలూ, నా మాటా, నాలుగు టైర్లూ

చలికాలమంతా మంచు కురిసే ఈ ట్రాయ్ ఊళ్లో మా తెలుగువాళ్లు కారు కొనేముందు నాకు ఫోన్ చేస్తారు. కార్ల కంపెనీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఈ విషయంలో నేను చెప్పిందే శాసనమని వాళ్ల నమ్మకం. ఆ ముప్పై ఏళ్లూ నేను డిజైన్ చేసింది తలుపుల తాళాలు. కారు తలుపు ఎందుకు సరిగ్గా పడదో గంటసేపు చెప్పగలను. మిగతా కారు గురించి నాకు తెలిసింది దాన్ని నడిపే ఎవరికైనా తెలిసినంతే. ఈ సంగతి వాళ్లెవరికీ నేను విడమరిచి చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పకుండా ఉండటం నాకు చేతకాదు.

తెనాలిలో చదువుకునే రోజుల్లో మేమొక చర్చావేదిక నడిపేవాళ్లం. ఒక ఆదివారం జ్యోతిషం, ఒక ఆదివారం వాస్తు, ఇంకో ఆదివారం ముహూర్తాలు. ఎవరు చెప్పారు, ఎక్కడ చూశారు, ఎలా పరీక్షించారు? ఈ మూడు ప్రశ్నలతో పెద్దపెద్దవాళ్లను వేదిక మీద నిలబెట్టి చెమటలు పట్టించాం. "పెద్దలు చెప్పారు" అన్నవాణ్ణి అయితే అసలు వదిలేవాళ్లం కాదు. మనదేశంలో సగం అన్యాయాలు ఆ రెండు మాటల మీదే నిలబడి ఉన్నాయని అప్పుడు నమ్మాను. ఇప్పుడూ నమ్ముతాను.

రెండేళ్ల కిందట మా ఎదురింట్లోకి ఒక వరంగల్ అమ్మాయి అద్దెకు వచ్చింది. అంతకుముందు ఫ్రీమాంట్‌లో ఉండేది, అక్కడ మంచు మొహం చూడలేదు. భర్తది దూరాన ప్లెయిన్స్‌బరోలో మందుల కంపెనీలో పని, నెలకోసారి వస్తాడు. వారానికి నాలుగు రోజులు ఆఫీసుకు రావలసిందేనని ఆమె మేనేజరు తేల్చి చెప్పాడు. ఉద్యోగం ఉంటేనే వీసా. మా వీధి నుంచి ఆ ఆఫీసుకు బస్సు లేదు. కాబట్టి ఆ అమ్మాయి ఇక్కడ నిలదొక్కుకోవాలంటే ముందు కారు నడపాలి.

ఆ ఏడాది అక్టోబరులో కొత్త కారు కొని గుడికి తీసుకెళ్లి పూజ చేయించింది. తిరిగొచ్చి మా వాకిట్లో ఆపితే, ముందు టైరు గాడిలో నిమ్మతొక్క ఇరుక్కుని ఉంది. చూసి ఊరుకోలేకపోయాను.

"బ్రేకు వేస్తే బండిని ఆపేది నిమ్మకాయా, రబ్బరా?"

"రబ్బరే అంకుల్," అని నవ్వింది. "మరి వింటర్ టైర్లు వేయించుకోవాల్నా? ఆఫీసుల అందరూ వేయించుకొమ్మంటున్నరు."

నేను ఊపులో ఉన్నాను. "అదీ ఒక పూజేనమ్మా. చలికాలం రాగానే ఒక సెట్టు ఎక్కించడం, పోగానే దించడం. పూజారి బదులు టైర్ల షాపువాడు, అంతే తేడా. నీ టైరు మీద ఆల్ సీజన్ అని రాసి ఉందా లేదా? ఆ సీజన్లలో చలికాలం లేదా? పైగా నీది ఆల్ వీల్ డ్రైవ్, నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పుతుంది. నేను ముప్పై ఏళ్లలో ఒక్కసారీ మార్చలేదు."

మా ఆవిడ గుమ్మంలోంచి అంది: "మంచు పడిన రోజు మీరు గరాజ్ తలుపు తెరిస్తే కదా, మార్చే అవసరం రావడానికి."

ఆ అమ్మాయి మా ఇద్దరినీ చూసింది. "సరే అంకుల్. మీరు చెప్పిన్రు కదా," అంది.

ఆ మాట ఆ రోజు చెవికి ఇంపుగానే ఉంది.

జనవరిలో ఒక వారం ఆమె కారు మీద పడిన మంచు పడినట్టే ఉండిపోయింది. పొద్దున ఎవరో వచ్చి ఎక్కించుకుపోతున్నారు, సాయంత్రం దింపుతున్నారు. నాలుగో రోజున మా ఆవిడ నన్ను లాక్కుని వెళ్లింది. కారు ముందుభాగం గోడవైపు తిప్పి పెట్టి ఉంది. అటు వెళ్లి చూస్తే బంపర్ ఒకపక్క ఊడి వేలాడుతోంది.

"ఏం కాలేదు ఆంటీ. నాకేం తాకలేదు," అంది లోపల కూర్చున్నాక. మా వీధి చివర స్టాప్ సైన్ దగ్గర బ్రేకు వేసిందట. బండి ఆగలేదు. మెల్లగా, ఎవరో వెనకనుంచి నెడుతున్నట్టు జారిపోయి, ఆ మలుపులో ఉన్న ఇంటి ముందు ఇటుకలతో కట్టిన ఉత్తరాల డబ్బాను, మెయిల్‌బాక్స్‌ను కూలగొట్టింది. ఆ ఇంటి ముసలావిడ రాత్రి గౌనుతోనే పరుగెత్తుకొచ్చి, ముందు దెబ్బలేమైనా తగిలాయా అని అడిగి, తరవాత ఇన్సూరెన్స్ వివరాలు రాసుకుంది. "అప్పటిసంది స్టీరింగ్ ముట్టుకోబుద్ధి అయితలేదు ఆంటీ. ఎన్ని రోజులని వాళ్లనీ వీళ్లనీ అడగాలె? మేనేజర్ అడిగితే వర్క్ ఫ్రమ్ హోమ్ కుదరదన్నడు."

"ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పావా?" అన్నాను.

చెప్పలేదు. చెప్పదట. క్లెయిమ్ పెడితే అది వీసా ఫైల్లోకి ఎక్కుతుందట, రేపు పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్‌కు వెళ్తే అక్కడ అడ్డం పడుతుందట.

నాలోని పాత తెనాలి కుర్రాడు లేచి కూర్చున్నాడు. "ఎవరు చెప్పారు?"

"గ్రూపుల ఒక అన్న పెట్టిండు."

"ఆయన ఎక్కడ చూశాడు? ఎవరికైనా అలా జరిగిందా? పరీక్షించి చూశారా? చదువుకున్నదానివి, ఎవరో పెద్దవాడు అన్నాడని నమ్మేయడమేనా?"

ఆమె తల వంచుకుని గోరు గిల్లుకుంటూ, ఏమాత్రం ఎత్తిపొడుపు లేకుండా, నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది: "టైర్ల సంగతి మీరు ఎక్కడ చూసిన్రు అంకుల్?"

నేను ఎక్కడా చూడలేదు.

వేదికల మీద నాకు ఎదురుపడిన వాదనలకు లెక్కలేదు. ఈ ప్రశ్న మాత్రం నాదే, నా మీదికే తిరిగొచ్చింది. ఆల్ సీజన్ అన్నది టైరు అమ్మేవాడు టైరు మీద అచ్చువేసిన మాట. దాన్ని నేను వేదవాక్యంలా అప్పజెప్పాను. పూజారి పెట్టించిన నిమ్మకాయ ఆమెకు ఏ హానీ చెయ్యలేదు, టైరు కింద నలిగి ఊరుకుంది. నా మాట మాత్రం ఆమె కారులో కూర్చుని స్టాప్ సైన్ దాకా వచ్చింది. వయసు చూసి, అంకుల్ అనే పిలుపు చూసి నమ్మింది. అలా నమ్మకూడదని ఊరూరా చెప్పినవాణ్ణి, నన్ను నమ్మినప్పుడు మాత్రం మురిసిపోయాను.

మా ఆవిడ ఏదో అనబోయి, నా మొహం చూసి మానుకుంది. ముప్పై తొమ్మిదేళ్ల కాపురంలో అలాంటి దయ చాలా అరుదు.

"నేను చూడలేదమ్మా," అన్నాను. "తప్పు చెప్పాను. నీ భయమూ నా టైర్లూ, రెండూ పరీక్షిద్దాం. ముందు ఫోన్ చెయ్యి."

స్పీకర్‌లో పెట్టి చేసింది. క్లెయిమ్ చూసే ఆవిడ గొంతు ఓపిగ్గా ఉంది. ఎంత వేగంతో వెళ్తున్నారు, మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లారా, ఏ టైర్లు అని వరసగా అడిగింది. "ఆల్ సీజన్," అంది ఆ అమ్మాయి. అవతల టైపు చేస్తున్న చప్పుడు.

"కారులో ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు."

నా మాట ఉందని చెప్పాలనిపించింది. అలాంటివి రాసుకునే గడి ఆవిడ ఫారంలో ఉండదు.

ప్రమాదం డ్రైవరు తప్పుగానే నమోదవుతుందని ఆవిడ చెప్పింది. మంచుది తప్పు కాదా అని నేను వాదనకు దిగబోతే, అమ్మాయి చెయ్యెత్తి ఆపింది. తరవాత తనే అడగాల్సింది అడిగింది: ఈ క్లెయిమ్ ఇమ్మిగ్రేషన్ వాళ్లకు వెళ్తుందా? అవతల టైపు చప్పుడు ఆగింది. "మెయిల్‌బాక్స్ గురించా? మేము వాళ్లకేమీ పంపం. మీలాగే అడిగినవాళ్లు ఇంకా ఉన్నారు. పాపం, కొందరు దీనికి భయపడి సొంతంగా రిపేరు చేయించుకుంటారు," అంది.

ఫోన్ పెట్టేశాక ఆ అమ్మాయి సోఫాలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. మా ఆవిడ లేచి టీ పెట్టింది.

బంపర్ బాగై కారు తిరిగొచ్చిన ఆదివారం పొద్దున, మూతబడిన ఒక దుకాణం వెనక ఖాళీ పార్కింగ్ స్థలానికి ముగ్గురం వెళ్లాం. రాత్రి పడిన మంచు ఎవరూ తొక్కకుండా ఉంది. మంచు తోసే ఎర్రటి పార ఒకటి గురుతుగా పాతాను. ఇరవై మైళ్ల వేగంతో వచ్చి, పార దగ్గర బ్రేకు వేశాను. బండి తన దారిన తను పోయి, చాలా తీరిగ్గా ఆగింది. దిగి అంగలు లెక్కపెట్టాను. ఇరవై తొమ్మిది.

అక్కణ్ణుంచి టైర్ల షాపుకు. షాపతను బయట చలిలో పడి ఉన్న రెండు పాత టైర్లు చూపించి, గోటితో నొక్కి చూడమన్నాడు. ఆల్ సీజన్ టైరు చెక్కలా ఉంది. వింటర్ టైరు ఇంకా రబ్బరులానే ఉంది, గోరు దిగింది. చలికి బిగుసుకుపోని రబ్బరు, మంచును పట్టుకునే సన్నటి చీలికలు, ఇంతే రహస్యం. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది గాని ఆపడానికి కాదన్నాడు. ముందు చక్రాలకు రెండు వేయిస్తే చాలదా అని అడిగాను. "ముందువి ఆగుతాయి, వెనకవి ఆగకుండా పక్కకు తిరుగుతాయి," అన్నాడు. ఆ అమ్మాయి నా వైపు చూడకుండా, మంచు పరీక్షలో నెగ్గాయని తెలిపే, కొండ మీద మంచుపువ్వు బొమ్మ ఉన్న టైర్లు మూడు రకాలు పక్కపక్కన పెట్టించి, నొక్కి చూసి, నడిమి రకంవి నాలుగు తీసుకుంది.

మళ్లీ అదే స్థలం, అదే పార. మా ఆవిడ వెనక సీట్లో. ఈసారి స్టీరింగ్ దగ్గరికి నేను వెళ్లబోతే అమ్మాయి అంది:

"నేను తోల్త అంకుల్. మీరు మాట్లాడకుండ కూసోండ్రి."

రెండు చేతులతో స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. ఇరవై దాకా వచ్చి పార దగ్గర తొక్కింది. బండి గురగురమని ఆగింది. తనే దిగి నడిచి లెక్కపెట్టింది. పంతొమ్మిది. నమ్మకం కుదరక మళ్లీ తోలింది, మళ్లీ లెక్కపెట్టింది. నాలుగోసారికి లెక్కపెట్టడం మానేసి, బండిని వీధి వైపు తిప్పింది.

మా స్టాప్ సైన్ దగ్గర గీతకు ముందే ఆగింది. ముసలావిడ కొత్త మెయిల్‌బాక్స్ కట్టించుకుంటోంది, సగం ఇటుకలు లేచాయి. అమ్మాయి అద్దం మీద పడ్డ ఉప్పుమరకలు చూసి అడిగింది:

"అంకుల్, ఈ చలికి వైపర్ల కోసం ఏ నీళ్లు పొయ్యాలె?"

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. "నాకు తెలీదమ్మా," అన్నాను. "సీసా మీద ఏముందో చదువుదాం. ఒక చుక్క రాత్రికి బయట పెట్టి, గడ్డ కడుతుందేమో చూద్దాం."

వెనక సీట్లోంచి మా ఆవిడ అంది: "అమ్మాయ్, కాసేపు బండి పక్కకు ఆపు. ఈయన నోట 'తెలీదు' అన్న మాట ఇదే మొదటిసారి వినడం."

ఆమె ఆపలేదు. సిగ్నల్ వేసి, అటూ ఇటూ చూసుకుని, పెద్ద రోడ్డెక్కించింది.