అత్తగారి ఒంటె మజ్జిగ

మా అత్తగారు పోయారు. కబురు మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. రామచంద్రపురం నుంచి వచ్చిన పాలేరు పాలకొల్లులో మా కొట్టు ముందు నిలబడి తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. వాడు నోరు విప్పకముందే సంగతి అర్థమైంది.

"పొద్దున్న పూజ చేసుకుని, కాసిని మజ్జిగ తాగి, గోడకి జేరబడ్డారండి. అంతేనండి," అన్నాడు.

ఆఖరున తాగింది మజ్జిగ అని వినేసరికి ఏడవవలసిన చోట నాకు నవ్వు వచ్చింది. పాలేరు హడలిపోయి రెండడుగులు వెనక్కి వేశాడు. ఆ నవ్వు ఎందుకు వచ్చిందో చెబుదామనే ఇది రాయడానికి కూర్చున్నాను.

నేను చదువుకున్నవాణ్ణి కాదు. గుణింతాలు దాటి ఆట్టే దూరం పోలేదు. చింతపండూ బెల్లమూ అమ్ముకుని ఎవరి ముందూ తల వంచకుండా బతికాను. పోయినవాళ్ళందరినీ దేవతలను చేసి చెప్పడం నాకు చేతకాదు. మా అత్తగారు దేవత కాదు. మొండిమనిషి, వెటకారం మనిషి. ఈ జిల్లాలో నాకు సమానమైన మొండితనం ఆవిడ దగ్గరే చూశాను. అందుకే ఇద్దరికీ పొత్తు కుదిరింది.

మా ఇళ్ళలో అత్తగారు అల్లుడికి ఎదురు పడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. పెళ్ళి అయిన నాటి నుంచీ మా అత్తగారంటే నాకు తలుపు రెక్క మీద ఆనిన నాలుగు వేళ్ళూ, దాని వెనక ఒక గొంతూ. ఆ గొంతు కూడా నాతో మాట్లాడేది కాదు, నా భార్యతో మాట్లాడేది. "అమ్మాయీ, అల్లుడుగారికి ఇంకాస్త పప్పు కావాలేమో కనుక్కో." నేను అడుగు దూరంలోనే ఉండేవాణ్ణి. నా జవాబు కూడా మా ఆవిడ నోటి మీదుగానే వెళ్ళాలి. దగ్గర ఊళ్ళ మధ్య ఉత్తరాలు నడిచినట్టు ఉండేది మా సంభాషణ.

మా మామగారికి బతికుండగా ఒక కోరిక ఉండేది. కోటిపల్లిలో ఒక బైరాగి ఆయనకు నారాయణ సరోవరం సంగతి చెప్పాడు. పడమటి దేశంలో, కచ్చి ఎడారి అంచున, ఉప్పు సముద్రం పక్కనే తియ్యని నీళ్ళ చెరువట. అందులో ఒక్క మునక వెయ్యాలని ఆయన ఏళ్ళ తరబడి అంటూ అంటూనే పోయారు. మగపిల్లలు లేరు. ఆ మునక ఆయన పేరున తాను వేసి రావాలని అత్తగారు పట్టు పట్టారు. చుట్టాలందరూ వద్దన్నారు. కాశీ చాలదా అన్నారు. ఆ ఇసుకలో తిండికీ నీళ్ళకీ మాడి చస్తావన్నారు. తీసుకువెళ్ళగలిగిన మగవాణ్ణి నేనొక్కణ్ణే.

ఆ ప్రయాణానికి నేను ఒప్పుకోకపోతే ఆవిడ కోరిక అక్కడితో ఆఖరు. ఆ సంగతి నాకూ తెలుసు, తలుపు వెనక ఉన్న ఆవిడకూ తెలుసు. నేను మంచి తిండి మనిషిని. అది దాచుకోను. విస్తరి ముందు కూర్చుని గట్టిగా చెప్పాను.

"వస్తాను. కాని మజ్జిగ లేకుండా నేను విస్తరి ముందు నుంచి లేవను. మజ్జిగ లేని పూట ఎక్కడ వస్తే అక్కడి నుంచే వెనక్కి. ఇది నా మాట."

తలుపు వెనక నుంచి గొంతు వచ్చింది.

"అమ్మాయీ, మీ ఆయన్ని అడుగు. చిక్కటిదా, పల్చటిదా?"

మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ నా వైపు తిరిగింది. "మజ్జిగైతే చాలు," అన్నాను.

ఆ నాటి నుంచి మా అత్తగారి అరుగు బైరాగుల సత్రమైపోయింది. దారిన పోయే ప్రతి సన్యాసినీ పిలిచి అన్నం పెట్టేవారు. వాళ్ళు వేదాంతం మొదలుపెడితే ఆపేసేవారు. "అది తరవాత విందాం నాయనా. అక్కడ నీళ్ళు తీపా, ఉప్పా? పుల్లలు దొరుకుతాయా? పొద్దున్న ఏం తిన్నారు, మాపటికి ఏం తిన్నారు?" ఒక ముసలి సాధువు ఇంత వయసులో తనను మోక్షం అడిగినవాళ్ళే గాని కంచంలో ఏముందని అడిగినవాళ్ళు లేరని, ఇంకో రెండు రోజులు ఉండి మరీ చెప్పి వెళ్ళాడు.

అన్నీ విని ఆవిడ తేల్చుకున్న సూత్రం ఒక్కటే. "నీళ్ళు తాగే తిండిని ఎడారికి తీసుకెళ్ళకూడదు." ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదని విని కందిపప్పు మూట విప్పేసి దోరగా వేయించి కందిపొడి కొట్టించారు. చింతపండు పులుసు నువ్వుల నూనెలో దగ్గరపడేదాకా ఉడికించి ముద్ద చేశారు. వేడి అన్నంలో ఆ ముద్ద కలిపితే పులిహోర అయి కూర్చుంటుంది. అన్నం వండే వీలు లేని పూటకు అటుకులు, పేలపిండి, బెల్లం. నంజుకోవడానికి ఊరమిరపకాయలు. నాలుక ఎండినప్పుడు చప్పరించడానికి మామిడితాండ్ర. వీటన్నిటికీ పెద్ద, కాకినాడ రేవులో కొన్న పింగాణీ జాడీ నిండా ఆవకాయ. దానికి కొబ్బరితాటితో ఉట్టి అల్లించారు. "ఇవాళ మనం చేసిన పని రేపటి పొయ్యిని చిన్నది చేస్తుంది," అనేవారు. ఇప్పటికీ మా ఇంట్లో ప్రయాణమంటే ఆ మాటే వినబడుతుంది.

ఇక నా మజ్జిగ. తెల్లటి గుడ్డను గడ్డపెరుగులో ముంచి నీడన ఆరబెట్టారు. మళ్ళీ ముంచారు, మళ్ళీ ఆరబెట్టారు. గుడ్డ అప్పడంలా బిరుసెక్కింది. దాన్ని ముక్కలు చేసి డబ్బాలో పెట్టారు. గోరువెచ్చని పాలలో ఒక ముక్క వేస్తే తెల్లారేసరికి పెరుగు తోడుకుంటుంది. ఎక్కడైనా పాలు దొరకకుండా ఉంటాయా అని ఆవిడ ధైర్యం.

అంతటితో ఆగారా, లేదు. బయలుదేరే ముందు వేసవిలో అందరినీ గోదావరి ఇసుకతిన్నె మీదికి తీసుకుపోయి కాపురం పెట్టించారు. ఎడారికి అలవాటు పడాలట. తెచ్చుకున్న బిందెలో నీళ్ళే వాడాలి, ఏటిని ముట్టుకోకూడదు. ఇసుక మీద తలుపు ఉండదు కనుక ఆవిడ తాటాకు గొడుగు ఒకటి తెచ్చుకుని, దాన్ని అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పడవవాళ్ళకు మేము వేడుకైపోయాం.

"ఏవండోయ్, పక్కన గోదారమ్మ పారుతుంటే చెంబు కొలుచుకుని తాగుతున్నారేంటండీ? మొక్కేంటండీ?"

గొడుగు వెనక నుంచి గొంతు వచ్చింది. "అమ్మాయీ, ఆ బాబుతో చెప్పు. ఇది గోదారి కాదు, ఎడారి. పడవ ఇసుకలో కూరుకుపోతుంది, జాగ్రత్తగా పొమ్మను."

అలా అయ్యాక అసలు ప్రయాణం. మా ఆవిడ మా అమ్మాయి పురుడు ఉందని ఇంట్లో ఉండిపోయింది. మా వీధి ముసలి దంపతులు తోడు వచ్చారు. కాలవ పడవ మీద బెజవాడ, అక్కడి నుంచి రైలు మీద బొంబాయి, అక్కడి నుంచి ఓడ మీద కచ్చి రేవు. దారి పొడుగునా సత్రాల్లో గుడ్డముక్క పనిచేస్తూనే వచ్చింది. ఓడలో వాంతులు చేసుకుంటూ కూడా నేను మజ్జిగ తాగాను.

రేవు దాటి ఒంటెలెక్కాక ఇసుక మొదలైంది. ఇసుకంటే గోదావరి ఇసుక కాదు. కంటికి ఆనేంత దూరం అదే, దాని మీద గాలి. మొదటి రోజే ఆ గాలి అత్తగారి తాటాకు గొడుగును లాక్కుపోయింది. ఒంటెవాడు దాని వెంటపడి పరుగెత్తాడు. గొడుగు దొర్లుకుంటూ, ఎగురుకుంటూ, మా ఊరి వైపే పోతున్నట్టు పోయింది. వాడు ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. అత్తగారు కొంగు ముఖం మీదికి లాక్కుని అటు తిరిగి నిలబడ్డారు. ఎడారిలో దాక్కోవడానికి ఇంకేముంది?

కబురు మోయడానికి ముసలమ్మగారు ఉన్నారు గాని ఆవిడకు చెవుడు. అత్తగారు "ఉప్పు చాలిందేమో అడగండి" అంటే ఆవిడ నా దగ్గరికి వచ్చి "చెప్పు తెగిందా నాయనా?" అని అడిగేది. "లేదండీ, చాలింది" అని నేనంటే, "ఆయన చాలా నలిగిపోయాడట" అని అత్తగారికి చేరవేసేది. ఇలా ఒక పూట గడిచాక మా అత్తగారు విసిగి, ఉట్టిలోంచి ఆవకాయ జాడీని దించి, నాకూ తనకూ మధ్య ఇసుకలో పెట్టారు.

"జాడీ, అల్లుడుగారికి ఉప్పు చాలిందేమో కనుక్కో."

నేను జాడీని చూశాను. "చాలిందని చెప్పు," అన్నాను.

ఆ పైన ప్రయాణమంతా మా మాటలు జాడీ మీదుగానే నడిచాయి. ఒంటెవాడు మాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు.

తిండికి మాత్రం లోటు రాలేదు. ఎండవేళ అటుకుల్లో బెల్లం, సాయంత్రం చిన్న పొయ్యి మీద గుప్పెడు పుల్లలతో అన్నం, చింతపండు ముద్ద, కందిపొడి, ఆవకాయ. ఎవరి ఒంట్లోనూ నీరసం లేదు. సరోవరం ఇంక దగ్గరలోనే ఉందనగా ఒక సాయంత్రం ఒంటెలు కాసేవాళ్ళ గుడిసెల దగ్గర ఆగాం. అక్కడ ఆవు లేదు, గేదె లేదు. ఉన్నవి ఒంటెలే. డబ్బు చూపితే చేతులు అడ్డంగా ఊపారు. పాలు అమ్మరట, ఊరికే ఇస్తారట. చెంబునిండా ఇచ్చారు.

"ఒంటె పాలు మనవాళ్ళు తాగవచ్చా?" అని ముసలాయన సందేహపడ్డాడు.

అత్తగారు జాడీతో అన్నారు. "మన పెద్దలు ఒంటెను చూసి ఉంటే కదా వద్దనడానికి. అల్లుడుగారి పెరుగు కోసం తోడు వేస్తున్నానని చెప్పు."

ఆవిడ పాలు కాచి గుడ్డముక్క వేస్తుంటే ఒంటెవాడు చేతులూ తలా ఊపి ఏదో గోల పెట్టాడు. అతని భాష మాకు రాదు. చెంబు కావాలేమో అనుకుని ఆవిడ ఇంకో చెంబు ఇచ్చి పంపారు. పాల గిన్నెకు కంబళి చుట్టి పక్కన పెట్టుకున్నారు.

పొద్దున్న లేచేసరికి ఆవిడ గిన్నె ముందు కూర్చుని ఉన్నారు. కొంగు జారి ముఖం కనబడుతున్నా సర్దుకోలేదు. ఇన్నేళ్ళకు మా అత్తగారి ముఖం అప్పుడు చూశాను. గిన్నెలో పాలు పాలలాగే ఉన్నాయి. కాస్త పులిసిన నీళ్ళలా అటూ ఇటూ కదులుతున్నాయి. రాత్రి ఒంటెవాడు గోల పెట్టి చెప్పింది ఇదన్నమాట, ఒంటె పాలు తోడుకోవని.

గుడ్డముక్కలు ఇంకా డబ్బా నిండా ఉన్నాయి. వాటితో చేసేదేమీ లేదు. ఆవిడ జాడీని దగ్గరికి లాక్కున్నారు.

"జాడీ, అల్లుడుగారికి చెప్పు. పెరుగు తోడుకోలేదు. ఇవాళ మజ్జిగ లేదు. మాట మాటే. ఒంటెలను వెనక్కి తిప్పమను."

బతిమాలడం లేదు. కొట్లో బేరం తెగినట్టు చెప్పారు. నేను మాట తప్పే మనిషిని కానని ఆవిడకు తెలుసు. నిజంగానే నేను తప్పను. ఇప్పటిదాకా ఒక్కమాట తప్పలేదు.

నేను వెళ్ళి ఆ గిన్నె తీసుకున్నాను. అందులో ఇంత ఉప్పు వేశాను. ఒక ఊరమిరపకాయ నలిపి వేశాను. మిగిలిన అన్నంలో పోసుకుని, జుర్రుకుని, గిన్నె ఎత్తి ఆఖరి చుక్క దాకా తాగాను. ఆ రుచి గురించి ఇక్కడ రాయను.

"జాడీ, అత్తగారికి చెప్పు. ఇది మజ్జిగే. కాస్త పల్చన, అంతే. మా ఊరి పెళ్ళిళ్ళలో ఇంతకన్నా పల్చటి మజ్జిగ పోసి పదిమంది ముందు మీసం తిప్పినవాళ్ళను చూశాను. ఒంటెలు ముందుకే నడవాలి."

ఆవిడ చాలాసేపు అటు తిరిగి కూర్చున్నారు. భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకుని కంగారు పడ్డాను. తీరా చూస్తే నవ్వు.

సరోవరం చేరాం. నిజం చెప్పాలంటే చిన్న చెరువు. నేను ఉన్నమాట అన్నాను. "ఇంతేనా? మా పాలకొల్లు కాలవ ఇంతకన్నా నయం."

మునక వేసి తడిబట్టతో మెట్లెక్కుతున్న ఆవిడ జాడీ దగ్గర ఆగారు. "అల్లుడుగారికి చెప్పు. వాళ్ళ మామగారికి ఈత రాదు. ఆయనకు ఈ లోతు చాలు."

తిరిగి వచ్చాక తలుపూ, దాని వెనక గొంతూ మళ్ళీ యథాస్థానానికి వెళ్ళిపోయాయి. కాని ఎప్పుడు రామచంద్రపురం వెళ్ళినా, భోజనం ఆఖరున గడ్డపెరుగు వడ్డించాక, తలుపు చాటు నుంచి ఒక మాట తప్పేది కాదు. "అమ్మాయీ, ఇది చాలునా, ఒంటె మజ్జిగ కావాలా అడుగు." మా పిల్లలు, వాళ్ళ పిల్లలు ఆ మాటకోసం కాచుకుని కూర్చునేవారు. పల్చటి మజ్జిగకు ఆ ఇంట్లో ఇప్పుడు అదే పేరు.

కర్మకాండ అంతా అయ్యాక నిన్న అక్కడ భోజనాలు. నా పీట ఎప్పటిచోటే వేశారు. ఎదురుగా ఆ తలుపు. రెక్క మీద ఆవిడ నాలుగు వేళ్ళు ఆనేచోట చెక్క నున్నగా అరిగి, నూనె పట్టి నల్లగా ఉంది. దాని పక్కన గోడవారగా జాడీ. అంచు కాస్త పగిలినా ఇంకా అందులో ఆవకాయే పెడుతున్నారు. అన్నీ వడ్డించారు. చివర మా ఆవిడ మజ్జిగ పోసింది. ఇంటినిండా జనం, అందుకే నీళ్ళు కలిపి పల్చన చేశారు.

నేను తాగి, గ్లాసు కింద పెట్టి జాడీ వైపు తిరిగాను.

"జాడీ, అత్తగారికి చెప్పు. పల్చగా ఉంది. మజ్జిగే."

మా ఆవిడ తలుపు దగ్గరికి వెళ్ళి, రెక్క వెనక్కి జరిగి, ఆ నల్లటి చోట నాలుగు వేళ్ళు ఆనించి నిలబడింది.

"అల్లుడుగారికి ఇంకో గ్లాసు పోయండర్రా," అంది లోపలివాళ్ళతో.