మంద కుక్కకు విమానయోగం

ఉద్యోగ జీవితమంతా వనపర్తి పాఠశాలలో తెలుగు చెప్పినవాణ్ణి. సూర్యవంశపు రాజులెవరు, చంద్రవంశపు రాజులెవరు, ఎవరి తరువాత ఎవరు అని పిల్లలచేత వల్లె వేయించినవాణ్ణి. ఉత్తమ వంశమని చెప్పుకొనడానికి మనుష్యులు పడే తాపత్రయం పురాణాలలోనూ చూచాను, పెండ్లి మాటలలోనూ చూచాను. ఒక ప్రాణికి గొప్ప వంశమేదీ లేదని రుజువు చేయడానికి నేను ఊళ్ళు తిరగవలసి వస్తుందని మాత్రం ఏనాడూ అనుకోలేదు.

మా మేడమీది గదులలో ఒక నర్సు అద్దెకుండేది. సొంత ఊరు అచ్చంపేట దగ్గర. తల్లీ అన్నలూ ఏటా పూణె వైపు వలసపోయి, ఇటుకలు మోసి, వానాకాలానికి తిరిగివచ్చే కుటుంబం. ఆమె ఒక్కతే చదువుకొని, ఇక్కడి ప్రైవేటు దవాఖానలో పనిచేస్తూ, తీరిక వేళల్లో జర్మను భాష నేర్చుకొనేది. ఆదివారం చర్చికి వెళ్ళేటప్పుడు తప్ప ఆమె వెంట ఒక కుక్క ఎప్పుడూ ఉండేది. గోధుమవన్నె ఒళ్ళు, వెడల్పు రొమ్ము, చెవులు మొదలంటా కోసిన తల. చూపరులు జంకేవారు. అది మాత్రం మా వీధి పిల్లికి దారి ఇచ్చి పక్కకు తొలగేది.

ఖిల్లా ఘణపూర్ దాటినాక ఒక పల్లెలో వైద్య శిబిరానికి వెళ్ళినప్పుడు అది ఆమెకు దొరికింది. కోతలైన చేలలో రైతులు గొర్రెల మందను నిలిపించుకొంటారు. మంద పడుకొన్న నేలకు ఎరువు దక్కుతుంది. ఆ మందలోని కుక్కపిల్లకు కాలు విరిగితే ఆమె కట్టు కట్టింది. కుంటిది మంద వెంట నడవలేదని కాపరి దానిని ఆమెకే ఇచ్చివేశాడు. అప్పటికే చెవులు కోసి ఉన్నాయి. మా వైపు కొందరు కాపరులు మగ కుక్కపిల్లలకు చిన్ననాడే చెవులు కోస్తారు. తోడేలుకు పట్టు దొరకదని ఒకరు, పురుగు పట్టదని ఒకరు, రోషం పెరుగుతుందని మరొకరు కారణం చెబుతారు. ఏది నిజమో నాకు తెలియదు. ఆ కోత మాత్రం నాకు నచ్చదు.

జర్మనీలో ఆమెకు ఉద్యోగం ఖాయమైంది. కుక్క కూడ రావలసిందేనన్నది. చర్మం కింద చిప్పు, రేబిస్ టీకా, రక్తపరీక్ష, దాని మీద నెలల నిరీక్షణ, అన్నీ ఓపికగా పూర్తిచేసింది. చివరకు విమాన సంస్థ వారడిగితే ఫోటోలు పంపింది. వ్యవహారం అక్కడ ఆగిపోయింది.

"సార్, జర గిది జదువున్రి. నాకు అర్థమైంది గాని నమ్మబుద్ధైతలేదు" అని ఫోను నా చేతికిచ్చింది.

చదివాను. చప్పిడి ముక్కు కుక్కలనూ పర్షియన్ పిల్లులనూ ఎండాకాలంలో ఎక్కించుకోరట, ఊపిరాడదని. అది దయగల నిబంధనే. దాని కిందనే ఇంకొకటి. కొట్లాటకు పెంచే కొన్ని జాతులనూ వాటి సంకరాలనూ ఆ దేశం రానివ్వదు. మీ కుక్క ఫోటోలో అలాగే కనబడుతున్నది. కాదని పశువైద్యుడు ధ్రువీకరిస్తేనే టికెట్టు.

మేము ఉంచుకొందామంటే మా ఇంటావిడకు ఆయాసం. కుక్క వెంట్రుక సోకితే చాలు, ఎగశ్వాస. అచ్చంపేట దగ్గరి ఇంటికి సగం ఏడు తాళమే.

"ఇది రాకుంటే నేను గూడ పోను సార్" అన్నది. కొంతసేపు మెట్టు మీద కూర్చొని, "గట్ల అంటున్న గాని, పోకుంటే ఎట్ల? అమ్మ ఇంకెన్నేండ్లు ఇటుకలు మోస్తది?" అన్నది.

పశువుల డాక్టరు తూచి మాట్లాడే మనిషి. "తల్లిని జూడకుండ, తండ్రెవరో ఇనకుండ సంతకం ఎట్ల పెడ్త సార్? నేను తప్పు రాస్తే ఆడ విమానం దిగినంక కుక్కను తిప్పి పంపుతరు" అన్నాడు. గొర్రెలకు మందు పోయడానికి తాను ఆ వైపే వెళుతున్నాననీ, మంద అక్కడే ఉంటే చూస్తాననీ చెప్పాడు. నర్సు, నేను, కుక్క, ముగ్గురమూ ఆయన జీపు ఎక్కాము.

మంద ఆ పల్లె చేలలోనే ఉన్నది. కాపరి వయసు మళ్ళినవాడు. కుక్క విదేశం పోతున్నదని నర్సు చెప్పగానే గొంగడి సవరించుకొన్నాడు. డాక్టరు కాగితం తీసి, దీని తండ్రి ఏ కుక్క అని అడిగాడు.

"తండ్రా సారూ? మామూలుది గాదు. హైదరాబాద్ దొర తోటల ఉండె. ఫారిన్ కుక్క. గింత తలకాయ. మనిషి కనవడితే మీదికే ఉరుకుతుండె. పిట్టుబుల్లో ఏందో అంటరు గద, గదే."

డాక్టరు కలానికి మూత పెట్టాడు. నర్సు కాపరి వైపు ఒక అడుగు వేసింది.

"పెద్దనాయినా, నిజంగనేనా?"

"నిజం గాకేంది బిడ్డా. దేశం దాటిపోవట్టె. ఊరకుక్క అని జెప్తే ఆడ ఇజ్జతుంటదా?"

మూడురాళ్ళ పొయ్యి దగ్గర నుండి అతని భార్య తలెత్తింది. "పిల్లనిచ్చేటోళ్ళకు లేని ఎకరాలు జెప్పినట్టు జెప్తున్నవు. యాడి దొర? యాడి తోట? చికెన్ దుకాణం కాడ పండుకునే ఎర్రకుక్క గాదా దీని తండ్రి? మొన్న దాన్నే తొక్కవోయి నువ్వు బోర్ల పడితివి."

"నువ్వు జర నోరు మూస్కో" అన్నాడు కాపరి, నేల చూస్తూ.

నాకు అతని మీద కోపం రాలేదు. ఇంటి బిడ్డను పరాయిచోటికి పంపుతూ రెండు గొప్పలు చెప్పని తండ్రి మా సీమలో అరుదు. "అక్కడ వంశం అలాంటిదైతేనే ఆపుతారయ్యా. సాదా కుక్క అయితేనే రానిస్తారు" అని విడమరిచి చెప్పాను.

"గదేం దేశం సారూ?" అన్నాడు నిజమైన విస్మయంతో.

తల్లికుక్క గొర్రెపిల్లల నడుమ పడుకొని ఉన్నది. ఆడదానికి చెవులు కోయలేదు. రెండూ ఆకుల్లా వాలి ఉన్నాయి. కొడుకు దానిని వాసన చూచి, గుర్తుపట్టక, నర్సు కాళ్ళ దగ్గరకే తిరిగివచ్చాడు. పిమ్మట అందరమూ చికెన్ దుకాణానికి వెళ్ళి ఎర్రకుక్కను చూచాము. ఫోటో తీస్తుంటే అది కన్నయినా పూర్తిగా తెరవలేదు. అదే రొమ్ము, అదే మూతి. డాక్టరు జీపు బానెట్ మీద కాగితం పెట్టి వ్రాశాడు. ఏం రాసిన్రని కాపరి అడిగితే నేను తెలుగులో చదివి వినిపించాను: ఇది ఏ జాతికీ చెందని స్థానిక కుక్క.

అతడు ఎర్రకుక్క వైపు చూచాడు. "జాతి లేదని రాసిన్రా? మా తాత కాలం సంది ఇవే కుక్కలు సారూ. ఇవి లేకుంటే మందనే లేదు."

"సార్, ఆ మాట గూడ రాయున్రి" అన్నది నర్సు.

డాక్టరు కింద చేర్చాడు: కాపరులు తరతరాలుగా పెంచుతున్న మంద కుక్కల సంతతి, చెవులు ఆచారంగా కోసినవే, పోరాటానికి కాదు. మళ్ళీ చదివాను. కాపరి తల ఊపాడు.

విమాన సంస్థ ఒప్పుకొన్నది. అయితే తుది మాట అక్కడి అధికారులదేనని ఒక వాక్యం జోడించింది. ఆ వాక్యాన్ని ఆమె నాచేత రెండుమార్లు చదివించుకొని, "పోత సార్. ఇద్దరం పోతం" అన్నది. శంషాబాదులో కుక్క పెట్టె సరుకుల ద్వారంలోకి, ఆమె ప్రయాణికుల ద్వారంలోకి వెళ్ళారు. లోపలి నుండి ఒక్క అరుపు వినబడింది. ఆమె వెనుదిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయపడినట్టుంది.

మరునాడు ఫోను చేసింది. అక్కడి పశువైద్యురాలు కాగితమంతా చదివి, చెవుల మొదళ్ళు తడిమి, పాపం అని తన భాషలో అన్నదట. లోపలికి పంపివేసిందట. చెబుతూ ఏడ్చింది.

ఆ కబురు కాపరికి నేనే అందించాను. అతడు విని, కొంత తడబడి అడిగాడు.

"ఆడ గొర్లుంటయా సారూ?"

"ఉంటాయనే విన్నాను."

"గట్లయితే ఫికరు లేదు" అన్నాడు.