చొక్కా మహిమ

మా బాబాయి ఎవరినీ నమ్మడు. రైళ్లలో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కూడా ఎదురొచ్చిన ప్రతి మనిషినీ టికెట్ లేకుండా ఎక్కినవాడిలాగే చూస్తాడు. ఏ కబురు చెప్పినా ఆయన అడిగేది ఒక్కటే: "ఎవరు చూశారు?"

నేను పత్రికలో పనిచేసేవాణ్ణి. పొద్దున్నే మా పేపరే నా ముందు విప్పి కూర్చునేవాడు.

"వంతెన కూలిందట. నువ్వు చూశావా?"

"మా విలేకరి చూశాడు బాబాయ్."

"వాడు చూస్తుండగా నువ్వు చూశావా?"

పిన్ని టీ ఇస్తే ముందు వాసన చూసేవాడు. "విషం కలిపేదాన్నయితే ఇన్నేళ్లు ఆగుతానా?" అనేది పిన్ని. ఆయన ఆ మాటను కూడా కాసేపు అటూ ఇటూ తిప్పి చూసేవాడు.

ఎదురింట్లో కింది గదిలోకి ఒక టైలరమ్మ అద్దెకొచ్చింది. పెళ్లిబట్టలు కుట్టడంలో మంచి పనిమంతురాలు. కొన్నాళ్లు కుట్టుమిషన్ చప్పుడు తెరిపి లేకుండా వినిపించి, ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆమె కుట్టిన బట్టలు వేసుకుంటే కాపురం నిలవదని వీధిలో ఒక మాట పుట్టింది. ఇచ్చిన గుడ్డలు కూడా జనం వెనక్కి పట్టుకుపోయారు. నెలాఖరుకి గది ఖాళీ చేస్తానని ఆమె ఇంటి ఓనరుకు చెప్పేసింది.

"ఎవరు చూశారు?" అని బాబాయి చెప్పులు తొడుక్కున్నాడు. నన్నూ వెంటేసుకున్నాడు. ఇస్త్రీ అతను కిరాణా షాపాయన పేరు చెప్పాడు. షాపాయన తడుముకోకుండా, "మీ ఇంట్లో అమ్మగారే చెప్పారండీ" అన్నాడు. బాబాయి ఇంటికొచ్చి పిన్నిని నిలదీశాడు.

"అన్నది మీరే కదండీ!" అంది పిన్ని. "ఆవిడ వచ్చిన రోజే, 'ఇంత పనిమంతురాలు పాత వీధి ఎందుకు వదిలొచ్చింది? ఆ బట్టలు వేసుకున్నవాళ్ల కాపురాలు చెడ్డాయేమో' అనలేదూ?"

"నేను 'ఏమో' అన్నాను."

"నేనూ 'ఏమో' అనే చెప్పాను. ఆ 'ఏమో' షాపు దగ్గర రాలిపోయింది!"

ఆ పూట బాబాయి టీ వాసన చూడకుండానే తాగేశాడు.

మర్నాడు ఆమె పాత వీధికి వెళ్లాడు. ఆమె కుట్టిన బట్టల్లో పెళ్లాడిన జంటల తలుపులు తట్టి, "మీ కాపురం బాగుందా?" అని అడిగాడు. ఒకాయన కర్ర తీశాడు. ఒకావిడ, "మిమ్మల్ని మా అత్తగారు పంపారా?" అంది. మొత్తానికి అందరూ బాగానే ఉన్నారు. టైలరమ్మ అక్కడ గది వదిలింది పైకప్పు కారుతున్నందుకట. ఇదంతా తెచ్చి కిరాణా షాపు ముందు చెప్పాడు.

"పైకి అందరూ బాగానే కనిపిస్తారండీ," అన్నాడు షాపాయన. "తలుపు వేశాక లోపల ఏం జరుగుతోందో ఎవరు చూశారు?"

బాబాయి అక్కణ్ణుంచి నేరుగా టైలరమ్మ గదికెళ్లి చొక్కాకి కొలతలిచ్చాడు.

ఆ వారంలోనే టైలరమ్మ కుట్టిన కొత్త చొక్కాలో అదే షాపు ముందు ప్రత్యక్షమయ్యాడు. "ఇది ఒంటి మీద పడ్డ దగ్గర్నుంచి మా ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు" అని నలుగురూ వినేలా ప్రకటించాడు. ఎవరూ నమ్మలేదు. పిన్ని నోటి సంగతి వీధికంతా తెలుసు. అంతలో పిన్నే వచ్చి నూనె సీసా కొంది. బాబాయి దాన్ని అందుకోబోయి కింద పడేశాడు. సీసా భళ్లున పగిలింది. అందరూ ఊపిరి బిగబట్టారు.

"పోనీలెండి," అంది పిన్ని, తేనె కారుతున్న గొంతుతో. "కాలికి తగల్లేదు కదా?"

షాపాయన రెండు చేతులూ జోడించాడు.

ఇంట్లోకొచ్చి తలుపు వేయగానే పిన్ని విరుచుకుపడింది: "నవ్వుతూ మాట్లాడమన్నారు, మాట్లాడాను. సీసా పగలగొట్టడం మనం అనుకున్నదాంట్లో ఉందా?"

"జనం నమ్మాలిగా!" అన్నాడు బాబాయి, నూనె మరకల చొక్కా విప్పుతూ.

మర్నాడే మిషన్ చప్పుడు మొదలైంది. గది ఖాళీ చేసే ఊసే లేదు. పాత చొక్కాలు కొలతలకివ్వడానికి మగవాళ్లు వరస కట్టారు.

మొన్న బాబాయి ప్యాంటు పొడవు తగ్గించమని తీసుకెళ్లాడు. టైలరమ్మ తల కూడా ఎత్తకుండా, "ఊపిరాడని పనండీ, పై నెల రండి" అంది. ప్యాంటు చంకన పెట్టుకుని తిరిగొచ్చి, వీధి వైపు ఓరగా చూస్తూ నా చెవిలో అన్నాడు:

"ఒక్కసారిగా ఇంత గిరాకీ ఎక్కణ్ణుంచి వచ్చిందంటావురా? ఇందులో ఏదో మోసం ఉంది."