ఊకగుట్ట మీద పడకుండా జారిన రోజు

ఆ రోజుల్లో మాకు బయటి ప్రపంచం అంటే ఓడ దిగి వచ్చినవాడి సంచీలో పట్టినంతే. రంగంలో (బర్మాలో మా ఊరి పేరు యాంగోన్ అయి చాలాకాలమైనా మా ఇళ్ళల్లో ఇప్పటికీ రంగమే) విదేశీ పత్రిక అనేది చేతులు మారి, అంచులు చిరిగి, చివరికి పకోడీల పొట్లం అయ్యేదాకా బతికేది. అందుకేనేమో, మాకు కళ్ళతో చూసినవాటి కన్నా చూడనివాటి మీదే నమ్మకం ఎక్కువగా ఉండేది. మంచు అంటే ఐసుముక్క తప్ప మరొకటి ఎరగని ఊళ్ళో, పలక మీద నిలబడి మంచుకొండ మీంచి జారే ఆట నేను నేర్చుకున్నానంటే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీండి. ఆ ఆటలో నా నుదురు పగిలింది, ప్రాణం కూడా పోయినంత పనయింది. నవ్వడానికి నాకే చాలా ఏళ్ళు పట్టింది.

సైనిక ప్రభుత్వం మీద జనం తిరగబడిన ఎనభై ఎనిమిది గొడవలు చల్లారిన వర్షాకాలం అది. చల్లారాయన్నది పెద్దల మాట. అణిచేశారన్నది మేం గొంతు తగ్గించి చెప్పుకునే మాట. కాలేజీలు మూసేశారు. చీకటి పడితే కర్ఫ్యూ. చిమిండైంగ్ బజారులో మా నాన్న కిరాణా కొట్టు తెరిచిన రోజులకన్నా మూసిన రోజులే ఎక్కువ. ఊరేగింపుల్లో కుర్రాళ్ళు నుదుటికి ఎర్రగుడ్డ కట్టుకుని తిరిగారు కాబట్టి, మా వీధిలో ఆడవాళ్ళు ఎర్ర తువ్వాలు ఆరేయడానికి కూడా జంకేవారు. కొత్త గాయంతో కనబడిన కుర్రాణ్ణి సైనికులు ఎక్కడ తగిలిందని అడిగి తీసుకుపోయేవారు. పక్కవీధి టైలరు కొడుకు అలా వెళ్ళినవాడు వెళ్ళినట్టే ఉన్నాడు. అందుకని మా నాన్న నాకు పెట్టిన కట్టుబాటు ఒక్కటే: ఇల్లు కదలకూడదు, ఒంటి మీద గీత పడకూడదు. పందొమ్మిదేళ్ళవాడికి అది ఎంత శిక్షో ఆయనకూ తెలుసు, అయినా ఆయన మొహం చూస్తే ఎదురు చెప్పబుద్ధేసేది కాదు.

అయితే మా ఇంట్లో ఓడ చిన్నాన్న ఉన్నాడు. నాన్నకు ఆఖరి తమ్ముడు, ఓడలో వంటవాడి కింద పని. గొడవల్లో ఓడ వెళ్ళిపోయి ఈయన ఒడ్డున మిగిలిపోయాడు. మళ్ళీ ఓడ పిలుపు ఎప్పుడొస్తుందా అని రోజూ రేవు వైపు చూస్తూ, ఆ చూపులో విసుగు పుట్టినప్పుడల్లా నన్ను చెడగొట్టేవాడు. ఆయన పెట్టెలో ఒక విదేశీ పత్రిక కాగితం ఉండేది. తెల్లటి కొండ, దాని మీద రెండు కాళ్ళూ ఒకే పలకకు కట్టుకుని పక్కవాటుగా జారుతున్న మనిషి. జపాను రేవులో తను స్వయంగా మంచు చూశాననీ, ఆ ఆట గుట్టంతా తనకు తెలుసనీ చిన్నాన్న చెప్పేవాడు. (చూసింది ఓడ వంటగది కిటికీలోంచి అని నానమ్మ తర్వాత బయటపెట్టింది.)

మా వీధి చివర, నది ఒడ్డున ఒక బియ్యం మిల్లు ఉండేది. ధాన్యం రాక మిల్లు ఆగిపోయింది గానీ, దాని వెనక ఏళ్ళ తరబడి పోసిన ఊక రెండంతస్తుల మేడంత గుట్టగా అలాగే ఉంది. పైన వానకు తడిసి అణిగి గట్టిపడింది. ఇల్లు కదలొద్దంటే వీధి దాటొద్దని అర్థమని చిన్నాన్న తేల్చాడు. కొట్టు తలుపు పలకల్లో ఒకదాన్ని (ఆ కాలపు కొట్లకు ఒక్కొక్క పలకే గాడిలో దించి మూసేవారు) తీసి, అడుగున కొవ్వొత్తి రుద్ది, పాత సైకిలు ట్యూబు ముక్కలు కొట్టి పాదాలు దూర్చే పట్టీలు చేశాడు. నాన్న కొట్టు తెరవని రోజుల్లో ఒక పలక తగ్గితే ఎవరు లెక్కపెడతారన్నది ఆయన ధీమా.

ఇంతచేసీ నన్ను గుట్ట ఎక్కనివ్వలేదు. ముందు ఇంటి పెరట్లో పరుపు వేసి పడటం నేర్పాడు. పడటానికి కూడా గురువు కావాలా అనుకున్నాను గానీ, కావాలి. "సేతులు సాపి పడ్డావనుకో, మణికట్టు ఇరిగిపోద్ది. పిడికిలి బిగించి, మోచేతుల మీదికి రావాల. వెనక్కెళ్తే గడ్డం గుండెకి ఆనించి కూకోవాల. ఒళ్ళు బిగబట్టకు, మోకాళ్ళు వదులుగుండాల" అని చిన్నాన్న పదే పదే చెప్పేవాడు. మోకాళ్ళకు కొబ్బరిపీచు నింపిన గుడ్డసంచులు, మణికట్లకు వెదురుబద్దలు, పిర్రలకు లుంగీ లోపల చిన్న దిండు, తలకు నానమ్మ గంజి వార్చే సత్తుగిన్నె. గిన్నెలో మెత్తటి గుడ్డలు కుక్కి, గడ్డం కింద నాడా కట్టి చివరికి గుట్ట మీద నన్ను నిలబెట్టినప్పుడు మిల్లు కావలివాడు చుట్ట నోట్లోంచి తీసి ఒక నమస్కారం పెట్టాడు. అది భక్తో జాలో నాకు తెలియలేదు.

రోజూ పడేవాణ్ణి. ముందుకు పడ్డాను, వెనక్కి పడ్డాను, పలక ముందు వచ్చి నేను తర్వాత వచ్చాను, నేను ముందు వచ్చి పలక నా వీపు మీదికి వచ్చింది. ముక్కులో ఊక, చెవిలో ఊక, రాత్రంతా దురద. అయితే గురువుగారి చలవ, ఒంటి మీద గీత లేదు. ఒక్కసారి, ఒక్కసారైనా నిలబడి కింది దాకా రావాలన్నదే అప్పటి నా జీవితాశయం. బయట ప్రపంచం కూలిపోతుంటే నాకు ఇదొక్కటే పట్టింది. అలా ఉండబట్టే ఆ నెలలు దాటాననుకుంటాను.

ఒకరోజు నానమ్మ గంజి వార్చడానికి గిన్నె దొరక్క, పెరట్లోకి వచ్చి నా తలమీంచి దాన్ని ఊడదీసుకుపోయింది. గుడ్డలు విదిలించి, కడిగి, అన్నం వార్చుకుంది. ఒక్కసారికి గిన్నె లేకపోతే ఏమైందిలే అని చిన్నాన్న అన్నాడు, నేనూ అన్నాను. ఆ మాట అన్న పావుగంటకు ఊకలో పూడుకుపోయి ఉన్న మిల్లు ఇనుపచక్రం అంచు నా నుదుటికి తగిలింది. కోడిగుడ్డంత బొప్పి, చిన్న చీలిక.

నానమ్మది శ్రీకాకుళం వైపు వైద్యం. దెబ్బ, బెణుకు, వాపు, ఏదైనా సరే పసుపు, సున్నం కలిపి పట్టు వేయడమే. పాత పంచె చింపి, పట్టు వేసి, నుదుటి చుట్టూ బిగించి కట్టింది. ఎండి రాలిపోయేదాకా విప్పితే చేతులు విరగ్గొడతానంది. పసుపూ సున్నమూ కలిస్తే ఏ రంగు వస్తుందో మీకు తెలుసు, పెళ్ళిళ్ళలో దిష్టి తీసే నీళ్ళ రంగే. తెల్లవారేసరికి ఆ గుడ్డంతా చిక్కటి ఎరుపు తిరిగింది. మా ఇంట్లో పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న రంగు కాబట్టి దాని సంగతి ఎవరికీ తట్టలేదు. నేను నుదుటికి ఎర్రగుడ్డతో వీధి గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాను. అప్పుడే వార్డు పెద్దను వెంటబెట్టుకుని సోదావాళ్ళు వచ్చారు.

ఆఫీసరు చిన్నవాడే, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దవాడేమో. నన్ను చూసి ఆగిపోయాడు. లోపల్నుంచి వచ్చిన నాన్నకు కూడా ఆ ఎరుపు ఎలా కనబడుతుందో అప్పుడే తట్టింది. దెబ్బ ఎలా తగిలిందని ఆఫీసరు అడిగాడు. జారానన్నాను. ఎక్కడ అంటే ఊకగుట్ట మీద అన్నాను. ఎందుకు జారావన్నాడు. చిన్నాన్న ఉత్సాహం పట్టలేక పత్రిక కాగితం తెచ్చి చూపించాడు. విదేశీ కాగితం చూడగానే ఆఫీసరు మొహం ఇంకా బిగుసుకుంది. వార్డు పెద్ద చిన్నాన్న వంక చూసిన చూపులో నువ్వు మనిషివేనా అన్న ప్రశ్న స్పష్టంగా ఉంది.

అప్పుడు నానమ్మ వచ్చింది. వార్డు పెద్ద చేతిలోని తమలపాకుల డబ్బాలోంచి అడక్కుండా సున్నం తీసుకుంది, కొంగులోంచి పసుపు తీసింది, ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఆయన అరచేతిలోనే రెండూ వేసి బొటనవేలితో రుద్దింది. పక్కనున్న సిపాయి తుపాకీ సర్దుకున్నాడు. "ఇదిగో బోజీ, సూడు. ఇది నెత్తురేటి? పసుపు బాబూ, పసుపు" అంది, సగం బర్మా మాటలో, సగం మా మాటలో. బోజీ అంటే అక్కడ సైనికాధికారిని పిలిచే మర్యాద. ఆయన ఎర్రబడిన తన అరచేతిని కాసేపు చూసుకున్నాడు. రంగు పసుపుదేనని ఒప్పుకున్నాడు. కానీ రంగు కింద గాయం గాయమేగా, నువ్వు జారే చోటు చూపించు, ఎలా పడ్డావో చూస్తానన్నాడు.

అందరం గుట్ట దగ్గరికి వెళ్ళాం. సన్నగా జల్లు పడుతోంది. నాకు కావలసింది ఒక్కటే, పడటం. రోజూ రకరకాలుగా చేసిన పనే. పైనుంచి చూస్తే నాన్న రెండు చేతులూ జోడించి నిలబడి ఉన్నాడు, నేను పడాలని దేవుడికి మొక్కుతున్నాడు. కన్నతండ్రి కొడుకు పడాలని మొక్కడం అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థం కాలేదు. పలక ఎక్కాను, మోకాళ్ళు వదులు చేశాను, జారాను. భయంతో ఒళ్ళు ఎంత తేలికైపోయిందో ఏమో, పలక నన్ను పువ్వులా మోసుకొచ్చి, ఒక్క ఊగు కూడా లేకుండా, ఆఫీసరు ముందు నిలబెట్టింది.

"చక్కగా జారుతున్నావే. మరి దెబ్బెలా తగిలింది?" అన్నాడు ఆఫీసరు.

చిన్నాన్న నా కాళ్ళకున్న పలక ఊడదీసుకుని, అది కాదు బోజీ, వీడికివాళ అదృష్టం కలిసొచ్చింది, అసలు సంగతి నేను చూపిస్తానంటూ గబగబా గుట్ట ఎక్కాడు. మోకాలి సంచులు లేవు, వెదురుబద్దలు లేవు. సగం దూరం బాగానే వచ్చాడు. ఉన్నట్టుండి బిగించిన పిడికిళ్ళు విప్పాడు, రెండు చేతులూ ముందుకు చాచి బోర్లా పడ్డాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. దొర్లుకుంటూ వచ్చి, మొహం నిండా ఊకతో, ఆఫీసరు బూట్ల దగ్గర ఆగాడు. ఆగి, నోట్లోంచి ఊక ఉమ్మి, చూశారా బోజీ, ఇలాగే, అన్నాడు.

ముందు సిపాయి నవ్వాడు. తర్వాత ఆఫీసరు నవ్వాడు. వీళ్ళింటిల్లిపాదికీ పిచ్చి అని వార్డు పెద్దతో అని, నా వైపు తిరిగి ఆ గుడ్డ తీసేసి వేరేది కట్టుకోమన్నాడు. వెళ్తూ వెళ్తూ అరచెయ్యి లుంగీకి తుడవబోయి, ఒంటి మీద యూనిఫారం ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాడు. వాళ్ళు మలుపు తిరిగాక నాన్న వచ్చి నన్ను కొట్టలేదు. పట్టుకుని ఏడ్చాడు.

చిన్నాన్న మణికట్టుకు తాకేటా పేటలో ఎముకలు కట్టేవాడి దగ్గర కట్టు కట్టించాం. అతికింది గానీ వంకరగా అతికింది. ఓడ పిలుపు వచ్చేసరికి ఆ చెయ్యి గంగాళం ఎత్తలేకపోయింది, ఓడ మరొకణ్ణి ఎక్కించుకుని పోయింది. అప్పట్నుంచీ ఆయన మా కొట్లోనే ఉన్నాడు. ఆ చేతులెందుకు చాపావు చిన్నాన్నా అని నేను ఎన్నిసార్లు అడిగినా, కాలు జారిందనేవాడు. మొన్న వానల్లో నొప్పి ఎక్కువై నేను నూనె రాస్తుంటే మాత్రం ఆయనకు కోపమొచ్చింది. "పడరా అంటే పడనేకపోయినావు. నీకు పడ్డం నేర్పి నాను నెలలు తగలెట్టినాను" అన్నాడు.

నవ్వుతూనే నూనె రాశాను. ఆయన చెయ్యి వెనక్కి లాక్కోలేదు. బతుకులో ఒకే ఒక్కసారి నేను పడకుండా జారుకుంటూ కిందికొచ్చాను, ఆ ఒక్కసారికీ చప్పట్లు కొట్టినవాడు లేడు. ఇప్పుడు తలుచుకుంటే, అందరూ పడు పడు అని మొక్కుతుంటే తలెత్తుకుని అంత ఠీవిగా దిగి, బిక్కమొహం వేసుకుని నిలబడిన ఆ కుర్రాణ్ణి చూసి నాకే ముచ్చటేస్తుంది. వాడు నిలబడ్డాడు, వాడి కోసం చిన్నాన్న పడ్డాడు. ఆ సంగతి నేను అడగడం మానేశాను, ఎవరడిగినా కాలు జారిందనే అబద్ధం ఆయన మానలేదు.