పది నిమిషాలు ముందున్న రాజమణక్క

రాజమణక్క గడియారాలన్నీ పది నిమిషాలు ముందుండేవి. ఇంట్లోదీ, చేతిదీ, ఆఖరికి మలక్‌పేటలో మేం పనిచేసిన ఆసుపత్రి మందుల స్టోరు గోడ మీదిదీ. ఆమె గుడిమల్కాపూర్ నుంచి రెండు బస్సులు మారి రావాలి. మొదటిది తప్పితే రెండోది అందదు. స్టోరు తలుపు తీసేది ఎప్పుడూ ఆమే. పక్క కౌంటర్లో పనిచేసే నేను తీరిగ్గా వచ్చి ఆమె పెట్టిన చాయ్ తాగేదాన్ని.

2003లో స్టోరుకు కంప్యూటర్లు వచ్చాయి. ఎవరు ఏది తెరవచ్చో పై అంతస్తులోని సర్వర్ చూసుకుంటుందన్నారు. యాభై దాటాక మౌసు పట్టినా రాజమణక్క ఇష్టంగా నేర్చుకుంది. ఒక సోమవారం పొద్దున ఆమె మందుల స్టాకు తెరవబోతే అనుమతి లేదని వచ్చింది. నా కంప్యూటర్లో మాత్రం మామూలుగానే తెరుచుకుంది.

మా మేనేజరుకు అంతకన్నా ఏం కావాలి? ఈ వయసు వాళ్లకు కంప్యూటర్లెందుకని మొదటి నుంచీ సణిగేవాడు. ఒంటిగంటలోపు సరికాకపోతే ఆమెను దుప్పట్ల గదికి మార్చేస్తానన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆమె చాయ్ గ్లాసు పక్కన పెట్టి, కంప్యూటర్లు బాగుచేసే వాళ్లకు ఫోన్ చేసింది.

నెట్‌వర్క్ పని చూసే డానియేలు వచ్చాడు. సర్వర్‌లో ఆమె పేరుంది. స్టోరు వాళ్ల గ్రూపులోనూ ఉంది. ఉన్న అనుమతి తీసేసి మళ్లీ ఇచ్చాడు. అయినా తెర మీద అదే మాట.

రాజమణక్క గోడ వైపు చూసింది. "ఒంటిగంటైంది బిడ్డా. ఇగ ఇడ్సిపెట్టు. పోయి అన్నం తిను."

"ఇంకా పది నిమిషాలున్నది అమ్మా," అన్నాడతను తన వాచీ చూసుకుని. ఆ మాట అంటూనే ఆగి, ఆమె కంప్యూటర్ తెర మూలనున్న టైము వైపు వంగి చూశాడు. "ఈ టైము మీరు మార్చిన్రా?"

"పొద్దుగాల రాంగనే మార్చిన. ఎనకబడ్డది గదా, మన గడియారంతోని కలిపిన."

అతను నవ్వలేదు. "టైముల అయిదు నిమిషాల కన్నా ఎక్కువ ఫరక్ ఉంటే సర్వర్ నమ్మదమ్మా. ఎవడో దొంగ పాత పాసు పట్టుకొని వచ్చిండనుకుంటది."

టైము సరిచేశాడు. స్టాకు తెరుచుకుంది. మందుల పేర్లు వరసగా కనబడ్డాయి. పైన తాళం వేసిన గదిలో కూర్చుని, కింద ఒక మనిషి కాస్త ముందుందని ఆ సర్వర్ కనిపెట్టిందంటే ఎంత చూపు దానికి!

"అదేడున్నదో ఒక్కపారి చూపిస్తవా?" అని అడిగింది రాజమణక్క.

ముగ్గురం పైకి వెళ్లాం. ఆమె గది బయట చెప్పులు విడిచింది. అది చూసి నేనూ విడిచాను. చల్లటి గదిలో ఒక నల్లటి పెట్టె, దానికి మిణుకుమనే పచ్చ దీపాలు. ఆమె దాని ముందు చాలాసేపు నిలబడింది.

"ఇరవై ఏండ్ల సంది అందరికన్నా ముందుగాలనే వస్తున్న," అంది మెల్లగా. "గియ్యాల్టి దాంక ఎవ్వలూ సూడలే. ఇదొక్కటే సూసింది."