మూడో గడి

పోయిన గురువారం పొద్దున్నే మా వీధి చివర టైలర్ బాబాయ్ ఫోన్ చేశాడు. "డాక్టరమ్మ గారు లేరురా. నిన్న సాయంత్రం తెనాల్లో, కాఫీ కలుపుకుంటూ కూలబడ్డారంట. గుండె. ఇక్కడ తల్లీకొడుకులిద్దరొచ్చి గది ముందు కూర్చున్నారు. వాళ్లకేం చెప్పమంటావు?" అన్నాడు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. నాకు దేనికైనా ముందు కోపమే వస్తుంది. ఆ సంగతి నాకంటే ఆవిడకే బాగా తెలుసు.

మీలో చాలామందికి ఆవిడ తెలియకపోవచ్చు. తెలియకపోవడమే ఆవిడకి కావలసింది. సైకాలజీ చదివి, దూరాన ఒక పెద్ద ఆస్పత్రిలో చాలా ఏళ్లు పనిచేసి, రిటైరయ్యాక సొంతూరు తెనాలి వచ్చేశారు. "నేను మందులు రాసే మనిషిని కాదండీ, మాట్లాడే మనిషిని" అని ఎన్నిసార్లు చెప్పినా రేపల్లెలో అందరికీ డాక్టరమ్మ గారే. గురువారం రేపల్లె, శనివారం బాపట్ల, మిగతా రోజులు తెనాలి. రేపల్లెలో ఆవిడ గది టైలర్ షాపు వెనక ఉంటుంది. బోర్డు లేదు. షాపులోంచే లోపలికి వెళ్లాలి. చేతిలో ఒక జాకెట్టు ముక్కో, పొడుగు తగ్గించాల్సిన ప్యాంటో ఉంటే చాలు, చూసేవాళ్లకి మీరు బట్టలు కుట్టించుకోవడానికి వచ్చినట్టే. పైగా మూడు మిషన్ల చప్పుడులో లోపలి మాట బయటికి రాదు.

మొదటిసారి అది చూసి నాకు ఒళ్లు మండింది. నేను కరపత్రాలు చదివి పెరిగినవాణ్ణి. గ్రహణం నాడు అన్నం తింటే ఏమీ కాదని, తాయెత్తులో ఏమీ లేదని, కులం అబద్ధమని నేర్చుకున్నది ఆ మడత కాగితాల్లోనే. ఇంటర్ తప్పినా నోరు మాత్రం తప్పలేదు. "బోర్డెందుకు పెట్టరండీ? మనసు చెదరడం సిగ్గుపడే విషయమా? మీరే ఇలా దాక్కుంటే జనం ఎప్పటికి మారతారు?" అని నిలదీశాను.

ఆవిడ ఉడకబెట్టిన శనక్కాయ వలుస్తూ, "బోర్డు నీకు కావాలయ్యా. వచ్చేవాళ్లకి తలుపు కావాలి" అన్నారు. గిన్నె నా వైపు జరిపి, "వలుచుకో. చేతులకి పనుంటే నోరు కొంచెం నెమ్మదిస్తుంది" అన్నారు. మా చెల్లికి మాత్రం ఇదే మాట తిరగేసి చెప్పేవారట: చేతులకి పనుంటే నోరు దానంతటదే తెరుచుకుంటుందని.

మేం అక్కడికి వెళ్లింది మా చెల్లి కోసం. అప్పుడు దానికి పంతొమ్మిదేళ్లు. తెనాల్లో డిగ్రీ, కెమిస్ట్రీ. రోజూ రేపల్లె నుంచి రైల్లో వెళ్లి వచ్చేది. ఉన్నట్టుండి దానికి నిద్ర పట్టడం మానేసింది. కుళాయి తిప్పితే ఆ నీళ్ల చప్పుడులో ఎవరో పేరు పెట్టి పిలిచినట్టుందనేది. రైల్లో వెనక ఎవరు నవ్వినా తనని చూసేనేమో అనేది. పేపర్లో హెడ్డింగులు తనకేదో సైగ చేస్తున్నట్టు ఉంటున్నాయనేది. "నిజం కాదేమో అని కూడా అనిపిస్తుందన్నయ్యా, కానీ భయం మాత్రం నిజంగానే వేస్తోంది" అంది ఒకరోజు. కాలేజీ మానేసింది.

అమ్మ దుగ్గిరాల దగ్గర పుట్టింటికి వెళ్లి ఎవరిచేతో మంత్రించిన తాడు తెచ్చి కట్టింది. నేను చుట్టాలందరి ముందు బ్లేడుతో ఆ తాడు కోసి, పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. చెల్లి నన్ను కొత్తవాణ్ణి చూసినట్టు చూసి, "నువ్వూ వాళ్లల్లో కలిశావా?" అని గది తలుపు వేసుకుంది.

డాక్టరమ్మ గారు ఇదంతా విని నాతో ఒక్క మాటే అన్నారు. "ఆ తాడు కట్టినంత మాత్రాన దానికి నిద్ర రాలేదు, నిజమే. నువ్వు కోసినంత మాత్రాన వచ్చిందా?"

అమ్మతో మాట్లాడిన తీరు వేరు. "ఇది పిచ్చాండీ అమ్మగారూ?" అని అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని అడిగితే, "అమ్మా, మీది పసుపు పండించే ఇల్లు కదా. కళ్లంలో పసుపు ఆరబోశాక మబ్బు పట్టిందనుకోండి, ఏం చేస్తారు?" అన్నారు.

"టార్పాలిన్ పట్టా కప్పుతామండి."

"వాన పడిందా అప్పటికి?"

"లేదండి. పడొచ్చు, పడకపోవచ్చు."

"ఇప్పుడు మనం చేసేది అదేనమ్మా. మబ్బు పట్టింది. పేరు పెట్టే తొందరేం లేదు, పట్టా కప్పుదాం. ఒకవేళ వానే పడితే గుంటూరులో మంచి డాక్టరున్నారు, మందులుంటాయి, దానికీ భయపడొద్దు. ముందే వచ్చారు. అదే సగం మేలు."

అమ్మ నోట్లోంచి కొంగు జారింది. నా కరపత్రాలన్నీ కలిపి పదేళ్లలో అమ్మకి ఎక్కించలేనిది ఆవిడ ఒక్క నిమిషంలో ఎక్కించారు. ఆ తర్వాత అమ్మ ఇంకో తాడు కట్టింది. డాక్టరమ్మ గారు చూసి, "బాగుంది, చేతికి బిగుతుగా లేదు కదా?" అన్నారు, అంతే.

ముందు నిద్ర సంగతి చూశారు. తర్వాత ఒక నోటుబుక్కు ఇచ్చి పేజీని మూడు గడులు చేయించారు. ఒకటి, జరిగింది. రెండు, అనిపించింది. మూడు, ఇంకేమై ఉండొచ్చు. రెండో గడిని ఆవిడ ఎప్పుడూ కొట్టేయలేదు. "నీకలా అనిపించింది, అది అక్కడ ఉండనీ. పక్కన ఇంకొకటి కూడా రాద్దాం" అనేవారు. మొదటి నెలంతా మూడో గడి ఖాళీయే.

ఒక గురువారం, "ఈ పూట నోటుబుక్కుని రైలెక్కిద్దాం" అన్నారు. ఆవిడ తెనాలి వెళ్లే బండిలో చెల్లిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. నన్ను, "నోరెత్తనంటే రా" అన్నారు. ఎదురు సీటులో కూర్చున్నాను. వేమూరు దాటాక మా వెనక ముగ్గురు ఆడవాళ్లు పడీ పడీ నవ్వడం మొదలుపెట్టారు. చెల్లి మొహం పాలిపోయింది.

"ఏమనిపిస్తోంది తల్లీ?"

"నా గురించే."

"రాయి. రాశావా? ఇప్పుడు మూడో గడి. మనకి తెలీదు కదా, అడుగుదామా?"

నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా కాలు తొక్కారు. చెల్లి నోటుబుక్కులో వేలు పెట్టి మూసి, వెనక్కి తిరిగి, "ఎందుకు నవ్వుతున్నారండీ పిన్నిగారూ?" అంది.

"ఏం చెప్పమంటావే అమ్మా! మా ఆయన పెళ్లికెళ్తూ ఒక కాలికి ఆయన చెప్పు, ఒక కాలికి నా చెప్పు వేసుకుపోయాడు. భోజనాల దాకా చూసుకోలేదంట మహానుభావుడు!"

చెల్లి నవ్వింది. ఆర్నెల్లలో మొదటిసారి. మూడో గడిలో 'చెప్పులు' అని రాసింది.

అలా నెలలు గడిచాయి. మూడో గడి నిండుతూ వచ్చింది. పేపర్ల భయానికి ఎదురుగా చెల్లి తన అక్షరాల్తోనే రాసుకుంది: 'నా గురించి అచ్చు వేయడానికి నేనెవరిని?' వారానికి రెండు రోజులు కాలేజీ, తర్వాత నాలుగు, తర్వాత అన్నీ. నాకు ఆనందం తట్టుకోలేక, తట్టుకోలేనప్పుడు నేను చేసే పనే చేశాను. కరపత్రం రాశాను. 'ముందే పట్టుకుంటే మనసు నిలబడుతుంది' అని తలకట్టు. రేపల్లె నుంచి రోజూ తెనాలికి రైల్లో వెళ్లి కెమిస్ట్రీ చదివే ఒక అమ్మాయి కథ. ఆమె నా సొంత చెల్లెలేనని గర్వంగా చెప్పుకున్నాను. కింద నా పేరు. తెనాలి స్టేషన్లో, బాపట్ల బస్టాండులో చేతులు నొప్పి పుట్టేదాకా పంచాను. చెల్లిని అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. మంచిపనికి అనుమతి ఏమిటి?

ఆ తర్వాత జరిగింది చెల్లి నాకు చాలా కాలానికి చెప్పింది. ఇంకో గురువారం బండిలో వాళ్లిద్దరే ఉన్నారు. భట్టిప్రోలులో ఉడకబెట్టిన శనక్కాయలు కొన్నారు. సగం తిన్నాక పొట్లం కాగితం మీద చెల్లి చూపు పడింది. చదివింది. కాగితం చాచి, "మేడమ్, ఇది నా గురించే" అంది.

ఒక్కసారి ఆలోచించండి. కాగితాలు తన గురించి మాట్లాడుతున్నాయని భయపడి, అది నిజం కాదని ఎనిమిది నెలలు కష్టపడి నేర్చుకున్న పిల్ల అది. డాక్టరమ్మ గారు ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివారట. పొట్లం లాక్కుని కిటికీలోంచి పారేయొచ్చు. కాదులేమ్మా, ఎవరో ఇంకో అమ్మాయి అనొచ్చు. నేనైతే అనేవాణ్ణి.

"అవును తల్లీ. ఇది నీ గురించే. నువ్వు పొరబడలేదు. రాసింది మీ అన్నయ్య. నిన్ను అడగలేదు, తప్పు చేశాడు" అన్నారట.

చెల్లి తెనాలి దాకా ఏడుస్తూనే ఉందట. ఆవిడ ఒళ్లో శనక్కాయలు అలాగే ఉండిపోయాయట, ఒక్కటీ వలవలేదట.

శనివారం నన్ను బాపట్ల రమ్మన్నారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వరండాలో కూర్చోబెట్టారు. పెరుగన్నం డబ్బా మూత తీస్తూ పిలిచారు. నేను తగాదాకి సిద్ధపడే వెళ్లాను.

"నేను రాసింది నిజమే కదండీ?"

"నిజమే. ఎవరిది?"

ఆవిడ పెరుగన్నం డబ్బా పక్కన పెట్టారు.

"ఆ పిల్ల భయాన్ని మేమిద్దరం ఎనిమిది నెలలు కూర్చుని కొంచెం కొంచెంగా విప్పుకున్నాం. నువ్వు దాన్ని అచ్చు వేయించావయ్యా" అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికయ్యేది.

"మళ్లీ మొదటికొచ్చిందా అండీ?"

"తెలీదు. వచ్చే గురువారం వస్తుందో రాదో చూడాలి. నా దగ్గరికి రావడం మానేస్తే మాత్రం కష్టం."

"నేనేం చెయ్యనండీ?"

"నన్నడుగుతావేం? ఆ పిల్లని అడగడం నేర్చుకో."

ఆ అయిదు రోజులు చెల్లి అన్నం సరిగ్గా తినలేదు, కాలేజీకి వెళ్లలేదు. అమ్మ నా మొహం చూడలేదు. గురువారం నేను టైలర్ షాపు ఎదురుగా కిళ్లీకొట్టు దగ్గర నిలబడ్డాను. పది దాటింది, పదకొండయింది. కరెంటు పోయి మిషన్లు ఆగాయి. అప్పుడు చూశాను, చేతిలో జాకెట్టు ముక్కతో చెల్లి వస్తోంది. నా వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. టైలర్ బాబాయ్ తన కుర్రాళ్లిద్దరికీ, "కరెంటు లేకపోతే ఏం, కాళ్లున్నాయిగా, తొక్కండి!" అని కేకేశాడు. పాత మిషన్లు మళ్లీ మోగాయి. నా జన్మలో నేను విన్న గొప్ప ఉపన్యాసం అదే.

"ఆవిడ అబద్ధం చెప్పలేదు. అందుకే వెళ్లాను" అని చెల్లి తర్వాత చెప్పింది.

మూడు వారాలు నాతో మాట్లాడలేదు. నేను రోజూ ఒకే ప్రశ్న అడిగేవాణ్ణి: నేనేం చేస్తే బాగుంటుంది? ఒకరోజు, "ఆ కాగితాలు ఇంకా ఉన్నాయా?" అంది. మిగిలిన కట్ట తెచ్చి ముందు పెట్టాను. చింపుతుందనుకున్నాను. తిరగేసి చూసి, "వెనకంతా ఖాళీగా ఉంది. రఫ్ వర్క్‌కి పనికొస్తాయి" అంది. ఆ ఏడాది దాని సమీకరణాలన్నీ నా ఆవేశం వెనక వైపునే పూర్తయ్యాయి. డిగ్రీ పాసయింది. ఇప్పుడు తెనాల్లో ఒక ల్యాబ్‌లో పనిచేస్తోంది. నిద్ర తగ్గితే తనే గుర్తుపట్టి నోటుబుక్కు తీస్తుంది.

నన్ను డాక్టరమ్మ గారు వదల్లేదు. శనివారాలు బాపట్లలో అన్నలూ నాన్నలూ కూర్చుని మాట్లాడుకునే చోట నన్నూ కూర్చోబెట్టారు. "మొదటి నెల వినడమే. రెండో నెల కూడా వింటే నష్టమేం లేదు" అన్నారు. తాయెత్తులంటే నాకిప్పటికీ మంటే. బోర్డు ఉండాలనే ఇప్పటికీ అంటాను. కానీ తలుపు ముందు, బోర్డు తర్వాత.

ఈ నాలుగు మాటలూ చెల్లిని అడిగే రాస్తున్నాను. చదివి రెండు వాక్యాలు కొట్టేసింది. అవేమిటో మీకు చెప్పను.

పోయిన గురువారం, బాబాయ్ ఫోన్ చేసిన రోజే, చెల్లి ల్యాబ్‌కి సెలవు పెట్టి టైలర్ షాపుకి వెళ్లింది. ఆ తల్లీకొడుకుల పక్కన బెంచీ మీద కూర్చుని, "మేడమ్ పోయారండి. గది మాత్రం ఉంటుంది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న అక్క వచ్చే గురువారం నుంచి వస్తారంట, నేను ఫోన్ చేసి కనుక్కున్నాను. మీరు రావడం మానొద్దు" అని చెప్పింది. ఆ కుర్రవాడు చేతిలో ప్యాంటు గట్టిగా పట్టుకుని తలూపాడు.

మధ్యాహ్నం బండికి ఆవిడని చివరిసారి చూడడానికి తెనాలి బయల్దేరాం. భట్టిప్రోలులో శనక్కాయలు ఎక్కాయి. చెల్లి ఒక పొట్లం కొని, కాయలన్నీ చున్నీలో పోసుకుని, కాగితాన్ని మోకాలి మీద సాపు చేసింది. రెండు వైపులా నిదానంగా చదివింది. నేనూ తల వంచి చదివాను. ఏదో ట్యూషన్ సెంటర్ ప్రకటన. చెల్లి దాన్ని నాలుగు మడతలు పెట్టి చిన్న దొన్నెలా చేసి, మా ఇద్దరి మధ్య సీటు మీద పెట్టి, మొదటి తొక్క అందులో వేసింది.