బాపు బిళ్ళ, రెండు తెల్ల కార్లు

మా కంపెనీ ఎలా మునిగిందో చూపించే డాక్యుమెంటరీ వచ్చే ఆదివారం విడుదలవుతుందని ఫోను వచ్చిన రోజు నుంచి నాకు అన్నం సయించలేదు. కరీంనగర్‌లో కరెంటు కార్లు తయారుచేస్తామని బయలుదేరిన చిన్న కంపెనీ మాది. నేను అందులో బ్యాటరీల ఇంజనీరును. మూతపడి రెండేళ్లయింది. మూతపడ్డందుకు నాకేం సిగ్గు లేదు, మూతపడే కంపెనీలు ఎన్ని లేవు! నా భయమంతా ఒక్కరోజు గురించే. ఆ రోజు మేం చేసిన మోసం అందులో బయటపడితే నన్ను కన్న మా బాపు మొహం ఎలా చూడాలన్నదే నా దిగులు.

బాపు బొగ్గుబాయి దగ్గర ముప్పై ఏళ్లు దీపాల గదిలో పనిచేశాడు. బాయిలోకి దిగేవాళ్ల టోపీ దీపాలు చార్జింగు పెట్టి, వెలుగుతున్నాయో లేదో చూసి చేతికివ్వడం ఆయన పని. ఆ గది గోడకు వరసగా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో మనిషి నంబరున్న ఇత్తడి బిళ్ళ ఉండేవి. దిగేటప్పుడు మనిషి తన బిళ్ళ తీసుకుపోవాలి. పైకొచ్చాక దీపంతో పాటు దాన్ని తిరిగిస్తే బాపు మళ్లీ మేకుకు తగిలిస్తాడు. షిఫ్టు అయిపోయాక ఏ మేకైనా ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. ఆ ఒక్కడూ పైకొచ్చేదాకా బాపు ఇంటికి అన్నానికి వచ్చేవాడు కాదు. మా అమ్మ, అదే అవ్వ, తిట్టుకుంటూ గిన్నెల మీద మూతలు పెట్టేది. రిటైరయ్యాక తన బిళ్ళకు ఇంట్లో కేలండర్ పక్కన ఒక మేకు కొట్టుకున్నాడు.

ఇక ఆ రోజు సంగతి. ఒక్క చార్జింగుతో కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్ దాకా పోయే కారు అని మా బాస్ పేపర్లవాళ్లకు చెప్పేశాడు. అది మంచిర్యాల దాటదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. మా ఎండలకు బ్యాటరీ వేడెక్కి సగం దారిలోనే చేతులెత్తేసేది. "ఇంకో ఆర్నెల్లు ఆగుదాం సార్" అని రెండుసార్లు అన్నాను. మూడోసారి అనకుండా ఊరుకున్నాను. మా కంపెనీ మొత్తం బతుకులో తయారుచేసినవి రెండే కార్లు, రెండూ తెల్లవే. రెండోదాన్ని లారీ మీద తెచ్చి, నిండా చార్జింగు పెట్టి, మంచిర్యాల దగ్గర ఒక షెడ్డులో దాచాం.

బయలుదేరే పొద్దున బాపు బస్సెక్కి కరీంనగర్ వచ్చాడు. జేబులోంచి తన బిళ్ళ తీసి కారు లోపలి అద్దానికి దారంతో కట్టాడు.

"జర పైలంగ పో బిడ్డా. పోయొచ్చినంక గీ బిళ్ళ నా చేతికియ్యి. అప్పటిదాంక ఇంట్ల మేకు ఖాళీగనే ఉంటది" అన్నాడు.

నేను తలూపాను. ఆయన కళ్లలోకి మాత్రం చూడలేదు.

షెడ్డులో పావుగంటలో పని కానిచ్చాం. నంబరు ప్లేట్లు మార్చాం, బంతిపూల దండ మార్చాం, బానెట్ మీది పసుపు బొట్లు కూడా లెక్కపెట్టి అక్కడక్కడే పెట్టాం. బిళ్ళ ఒక్కటే మరిచిపోయాం. ఆసిఫాబాద్‌లో చప్పట్లే చప్పట్లు. నేను కారు పక్కన నిలబడి ఫొటో దిగి "చేరినం బాపు" అని పంపాను. బిళ్ళ గుర్తొచ్చేసరికి సాయంత్రమైంది.

మర్నాడు షెడ్డుకు పోయి దాన్ని తెచ్చి బాపు చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసి, "మంచిది బిడ్డా" అని చొక్కా జేబులో వేసుకున్నాడు. అంతకుముందు మా కారు ముచ్చట్లతో చాయ్ హోటల్లో అందరి బుర్రలూ తినేసేవాడు. ఆ రోజు నుంచి ఆ ఊసే లేదు. బిళ్ళ కూడా మళ్లీ గోడ మీద కనిపించలేదు. ఓసారి అవ్వ ఆ మేకుకు కూరగాయల సంచి తగిలిస్తే, "దానికేం తగిలియ్యకే" అని కసిరాడు. వయసు మీద పడింది, చాదస్తం అనుకున్నాను. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లి సంగతి తెలిసిందే కదా, నేను ఆ పిల్లినే.

ఆ డాక్యుమెంటరీ తీసిన అమ్మాయికి నేను గంటసేపు అన్నీ చెప్పాను. "ఆసిఫాబాద్ ప్రయాణం ఎలా జరిగింది?" అని అడిగినప్పుడు మాత్రం మంచినీళ్లు తాగి వేరే మాటలోకి పోయాను. మరి మా డ్రైవర్ ఏం చెప్పాడో? షెడ్డు కాపలా మనిషి ఏం చెప్పాడో? వారం రోజులూ ఇదే పరేషాన్.

ఆదివారం చర్చిలో, ఇవాళ నెట్ పనిచేయకుండా చూడు తండ్రీ అని ప్రార్థించాను. ఆయన అలాంటివి వింటాడా! ఇంటికొచ్చేసరికి అవ్వ కోడికూర వండింది. బాపు టీవీ ముందు కుర్చీ వేసుకుని, "సినిమా అయినంకనే తింట" అన్నాడు.

సినిమా మొదలైంది. మా బాస్ కోటు వేసుకుని, మా ఆలోచన పదేళ్లు ముందు పుట్టిందని చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. డ్రైవర్ మొహం కనిపించగానే ముందుకు జరిగాను. అతను ఎండల గురించి చెప్పి ఊరుకున్నాడు. తర్వాత ఆ రోజు తీసిన వీడియో వచ్చింది. కరీంనగర్‌లో కారు కదులుతోంది, అద్దం కింద బిళ్ళ ఊగుతూ మెరిసింది. వెంటనే ఆసిఫాబాద్. అద్దం బోసిగా ఉంది.

కానీ సినిమాలో ఎవరూ ఏమీ అనలేదు, కథ వేరే వైపు పోయింది. తప్పించుకున్నానన్నమాట. మెల్లగా బాపు వైపు చూశాను. ఆయన టీవీ చూడటం లేదు, ఖాళీ మేకు వైపు చూస్తున్నాడు.

ఇక నావల్ల కాలేదు.

"బాపు, ఆసిఫాబాద్ పోయింది గా కారు కాదు. మంచిర్యాల కాడ మార్చినం. నీకు అబద్ధం చెప్పిన."

అవ్వ టీవీ గొంతు తగ్గించింది.

"ఎరుకే" అన్నాడు బాపు. "నువ్వు ఫోటో పంపిన్నాడే చూసిన. అద్దానికి బిళ్ళ లేదు."

"మరి గిన్ని దినాలు ఎందుకు అడగలే?" అన్నాను.

"దీపాల గదిల కూసున్నోడు కిందికి దిగి ఎవల్నీ గుంజుకరాలేడు బిడ్డా. మేకు చూస్కుంట కూసునుడే ఆని పని."

ఏడుపు ఆగలేదు నాకు. బాపు చొక్కా జేబులో చెయ్యి పెట్టి బిళ్ళ బయటికి తీశాడు. ఇన్నాళ్లూ విడిచిన చొక్కాలోంచి ఉతికిన చొక్కాలోకి మార్చుకుంటూ దాన్ని దగ్గరే పెట్టుకున్నాడు. లేచి వెళ్లి మేకుకు తగిలించాడు. ఊగుతుంటే వేలితో ఆపాడు.

"ఇగ అన్నం పెట్టే" అన్నాడు అవ్వతో. "ఆకలైతుంది."